మీట నొక్కక మునుపే

మన కళాశాలలో నేడు ఫోటో తీయనివారంటూ లేరు. తరగతి గదిలోను, గ్రంథాలయపు మెట్లమీదను, బస్సుకోసం నిలబడిన చోటను, స్వాగత సభలోను, వీడ్కోలు సభలోను ఎక్కడ చూచినా ప్రతి చేతిలో ఒక ఫోను, ఆ ఫోనులో ఒక కెమెరా. దీనిని మేము తప్పుపట్టడం లేదు. కొద్దిమందికే పరిమితమై ఉండిన విద్య అందరికీ అందినప్పుడు సంతోషించవలసినదే. కాని ఆ విద్యతోపాటు ఒక మాట కూడ మన మధ్యకు వచ్చి చేరినది. "ముందు తీసెయ్, తరువాత సరిచేసుకోవచ్చు" అనేదే ఆ మాట. మా తగవు ఫోనుతో కాదు, కెమెరాతో కాదు, ఈ మాటతోనే.

మంచి ఛాయాచిత్రం మీట నొక్కక మునుపే తయారవుతుందని, నొక్కిన తరువాత దానిమీద ఎంత తక్కువ చేయి పడితే అంత మేలని మా అభిప్రాయం. ఇది కేవలం అందానికి సంబంధించిన విషయమైతే ఈ సంచికలో ఇన్ని పుటలు ఆక్రమించే సాహసం చేసి ఉండము. ఇందులో నమ్మకానికి సంబంధించిన విషయం ఒకటి ఇమిడి ఉన్నది. దానిని చివరకు విన్నవిస్తాము. ముందుగా పనితనం సంగతి చూద్దాము.

ఈ పనికి మన రెండు భాషలలో ఉన్న మాటలు గమనింపదగినవి. తెలుగులో ఫోటో 'తీస్తాము'. ఉర్దూలో తస్వీరు 'ఖీంచ్‌తే హైఁ', అనగా లాగుతారు. ఫోటోలో కనబడే మనిషి తెలుగులో ఫోటో 'దిగుతాడు'. (చిత్రలేఖనానికి కూడ ఇదే క్రియ వాడతారని ఉర్దూ శాఖవారు అంటే మేము కాదనము.) బావినుంచి నీరు తోడినట్లు ఉన్నదానిని పైకి తీయడమే తప్ప, లేనిదానిని తెచ్చి అందులో పోయడం అనే భావం ఈ మాటలలో మాకు వినిపించదు.

తరువాత సరిచేయలేనివి ఏవో తెలిస్తే ముందు చూచుకోవలసినవి ఏవో వాటంతట అవే తెలుస్తాయి. డిజిటల్ కెమెరాలో లెన్సు గుండా వచ్చిన వెలుగు ఒక చిన్న ఫలకం మీద పడుతుంది. మనం సాధారణంగా దాచుకొనే చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్క రంగుకు 0 నుంచి 255 వరకు 256 మెట్లు ఉంటాయి. వెలుగు మితిమీరి ఒక చోట మూడు రంగులూ 255ను తాకినాయంటే అక్కడ ఇక వివరమేమీ మిగలదు, తెల్లని మచ్చ మాత్రమే మిగులుతుంది. ఎండలో నిలబడిన మిత్రుని తెల్లని కుర్తామీది చికన్ పని ఆ మచ్చలో కలసిపోతే ఎంతటి నిపుణుడైనా దానిని తిరిగి తేలేడు. తెచ్చినట్లు కనబడితే అది కొత్తగా గీసినదే గాని కెమెరా చూచినది కాదు. నీడల విషయంలో కొంత నయం. చీకటిలో మునిగిన వివరాన్ని కొంతవరకు పైకి లాగవచ్చును. అయితే దానివెంట ఇసుక చల్లినట్లు గరుకుదనం కూడ పైకి వస్తుంది. కనుక వెలుగైన భాగం చెడకుండ చూచుకొని తీయడం ఈ విద్యలో మొదటి పాఠం.

క్రీడోత్సవం నాడు పరుగుపందెం తీసినవారికి మరొక పాఠం తెలిసే ఉంటుంది. పరుగెత్తే మనిషిని చిత్రంలో నిలపాలంటే షట్టరు సెకనులో 500వ వంతు గాని, 1000వ వంతు గాని మాత్రమే తెరచి ఉండాలి. 30వ వంతు తెరచి ఉంచితే మనిషి స్థానంలో ఒక అలుకు మిగులుతుంది. అలికిన ముఖాన్ని పదునుపెట్టే ఉపాయాలు నేటి ఫోనులలో ఉన్నవి. అవి కండ్లకు కొత్త గీతలు, పెదవులకు కొత్త అంచులు ఊహించి అమర్చుతాయి. ఆ ముఖం మన విద్యార్థిని పోలి ఉండవచ్చును, కాని అతనిది కాదు.

కెమెరా నిలిచిన చోటు కూడ అంతే. దానిని తరువాత ఎవ్వరూ జరపలేరు. ఫోనును ముఖానికి అడుగు దూరంలో పెట్టి తీసినప్పుడు ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోతాయి. ఇది లెన్సు దోషమని చాలామంది నమ్ముతారు. నిజానికి ఇది దూరం వల్ల వచ్చిన దోషం. ఐదారడుగులు వెనుకకు నడచి, అక్కడనుంచి ముఖాన్ని దగ్గరకు తెచ్చే లెన్సుతో తీస్తే ముక్కు తన కొలతకు తాను వస్తుంది. ఫోనులో ముక్కును సన్నగా చేసే మీట ఒకటి ఉన్నదని విన్నాము. రెండడుగులు నడిచే ఓపిక లేక, దేవుడిచ్చిన ముక్కును చెక్కుకోవడం ఎంత వింత!

వెలుగు దిక్కును గూర్చి చెప్పడానికి మన నగరంలో చార్మినారును మించిన గురువు లేదు. 1591లో వెలసిన ఆ కట్టడం నాలుగు ముఖాలు నాలుగు దిక్కులను చూస్తుంటాయి. గాజుల దుకాణాల లాడ్ బజారు దానికి పడమట ఉన్నది. ఉదయంపూట లాడ్ బజారులో నిలబడి తీస్తే సూర్యుడు కట్టడానికి వెనుక ఉంటాడు. మీనార్లు నల్లని ఆకారాలుగా, ఆకాశం తెల్లని కాగితంగా వస్తుంది. ఆ చిత్రాన్ని ఇంటికి తెచ్చి ఆకాశానికి నీలం పూసి, గోడలకు పసుపు పూసి, గంటసేపు కుస్తీ పట్టేవారిని మేము ఎరుగుదుము. అదే చోట చలికాలపు సాయంత్రం నాలుగు గంటలకు నిలబడి చూడండి. సూర్యుడు నైరుతికి ఒరిగి ఉంటాడు గనుక వెలుగు పడమటి ముఖం మీద కొంచెం పక్కనుంచి పడుతుంది. గచ్చులో తీర్చిన ప్రతి పూవు, ప్రతి అంచు తన నీడను తాను వేసుకొని గోడనుంచి లేచి నిలుస్తుంది. అప్పుడు మీట నొక్కడం తప్ప ఫోటోగ్రాఫరు చేయవలసినదేమీ ఉండదు. ఉదయం వెలుగే కావాలనుకొనేవారు తూర్పువైపునకు నడవవచ్చును, అది కొన్ని నిమిషాల దూరం.

కెమెరాకు కన్ను ఉన్నది గాని బుద్ధి లేదు. దానిలోని కాంతిమాపకం ఎదుట ఏది ఉన్నా దానిని మధ్యరకపు బూడిద రంగుగానే భావిస్తుంది. పడిన కాంతిలో సుమారు 18 శాతాన్ని తిప్పిపంపే బూడిద రంగు దానికి ప్రమాణం. అందువల్ల తెల్లని బట్టలు ధరించిన యాభైమందిని తెల్లని గోడ ముందు నిలబెట్టి తీస్తే, అంత తెలుపును చూచి కెమెరా బెదిరి వెలుగును తగ్గిస్తుంది. బట్టలు ఉతకనట్లు, ముఖాలు మసిబారినట్లు వస్తాయి. నల్లని బురఖాలు ధరించిన విద్యార్థినుల వరుసను తీసినప్పుడు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. అంత నలుపును చూచి కెమెరా వెలుగును పెంచుతుంది. నలుపు వెలిసిపోయి, ముఖాలు పాలిపోతాయి. కనుక తెలుపు ఎక్కువగా ఉన్నచోట వెలుగును పెంచాలి, నలుపు ఎక్కువగా ఉన్నచోట తగ్గించాలి. మొదట వినేవారికి ఇది తలక్రిందులుగా తోస్తుంది. రెండు మూడుసార్లు చేసి చూస్తే గాని మనసుకు పట్టదు. నేటి ఫోనులు ముఖాలను గుర్తుపట్టి కొంతవరకు తమంతట తామే సర్దుకొంటాయన్న మాట నిజమే. అయినా పూర్తిగా వాటిమీద భారం వేయరాదు. చాలా ఫోనులలో తెరమీద ముఖాన్ని వేలితో తాకితే పక్కన సూర్యుని గుర్తు ఒకటి వస్తుంది. దానిని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది, క్రిందికి జరిపితే తగ్గుతుంది. ఈ చిన్న పని తెలిసినవారికి తరువాతి దిద్దుబాటులో సగం తప్పుతుంది.

ఈ సందర్భంలో బిదరీ పనిని గూర్చి కొంత వివరంగా చెప్పాలనిపిస్తున్నది. 1956 వరకు బీదరు కూడ హైదరాబాదు రాష్ట్రంలోనిదే గనుక బిదరీ మనకు పరాయిది కాదు. మన విద్యార్థులలో చాలామంది ఇండ్లలో ఒక బిదరీ పాందాన్ గాని, పూలకూజా గాని ఉండకపోదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో దీనికి గొప్ప సేకరణ ఉన్నది. యశదంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్రమీద వెండి తీగలు, రేకులు పొదిగి, బీదరు కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. కండ్లకు ఇంత స్పష్టమైన వస్తువు ఫోటోలో ఎందుకు చెడిపోతుందని అడిగేవారు ఉన్నారు.

కారణం చిన్నది. నునుపైన నలుపు అద్దం వంటిది. దాని ఎదుట ఫ్లాష్ వెలిగిస్తే పాత్రమీద పూలతీగకు బదులు ఒక తెల్లని గుడ్డు కనబడుతుంది. ఫ్లాష్ తీసివేసి గది దీపాల క్రింద పెడితే పైకప్పు, ఫ్యాను రెక్కలు, ఫోటో తీసేవాని ముఖం అన్నీ అందులో కనబడతాయి. వెండి కూడ అద్దమే. తన ఎదుట తెలుపు ఉంటేనే అది తెల్లగా మెరుస్తుంది, ఎదుట చీకటి గది ఉంటే నల్లని లోహంలో కలసిపోతుంది. కనుక బిదరీ పాత్రను ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్లమీద ఉంచి, గదిలోని దీపాలన్నీ ఆర్పివేసి, కిటికీకి ఎదురువైపున ఒక తెల్లని అట్ట నిలబెట్టాలి. ఆ అట్టను అంగుళం అంగుళం జరుపుతూ పాత్రను చూస్తూ ఉంటే ఒకచోట వెండి తీగలన్నీ ఒక్కసారిగా దీపాలు పెట్టినట్లు వెలుగుతాయి. తీసేవాని ప్రతిబింబం పడకుండ కెమెరాను కొంచెం పక్కకు జరిపి, కదలకుండ పుస్తకాల దొంతర మీద ఆనించి తీస్తే చాలును. ఇందుకు అయ్యే ఖర్చు ఒక అట్ట ఖరీదు. ఈ పని చేయక, మచ్చపడిన చిత్రాన్ని తెచ్చి కంప్యూటరు ముందు కూర్చొని ఆ తెల్లని గుడ్డును చెరిపి, దాని క్రింద ఉండవలసిన పూలతీగను మనం గీసి నింపితే, ఆ పూలతీగ ఎవరిది? బీదరు పనివాడు తన ఉలితో గీచినది కాదు. అతని పనిని చూపడానికి తీసిన చిత్రంలో అతని పనే లేకుండ పోయినది.

పూర్వపు రోజులే మంచివని చెప్పి నేటి యువతరాన్ని మందలించడం మా ఉద్దేశం కాదు. కాని పూర్వులకు ఉండిన ఒక నిర్బంధం వారికి మేలు చేసినదని చెప్పక తప్పదు. మన తాతల తరంలో ఎందరో ఇండ్లలో ఉండిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో ఒక రీలుకు 12 చిత్రాలు మాత్రమే వచ్చేవి. ఆ 12 చిత్రాలతో ఒక పెండ్లి అంతా తీయాలి. రీలు కడిగించి అచ్చు వేయించేవరకు ఏది వచ్చినదో, ఏది పోయినదో తెలియదు. అందుచేత మీట నొక్కేముందు ఎండ ఎటున్నదో చూచేవారు, వెనుక గోడమీద ఏమున్నదో చూచేవారు, పిల్లవాని చొక్కా గుండీలు పెట్టేవారు. ఇప్పుడు పన్నెండు వందలు తీసినా ఖర్చు లేదు గనుక చూడడమే మానుకొన్నాము. చివరకు ఆ పన్నెండు వందలలో ఒకదానిని ఏరి, దానిని దిద్దడానికి పూనుకొంటున్నాము.

ఇంకా వెనుకకు పోతే ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ కనబడతాడు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేసి, చివరకు మన నగరానికి వచ్చి 1905 వరకు జీవించిన ఆయన 'ముసవ్విర్ జంగ్' అనే బిరుదు పొందినాడు. ఆనాటి కెమెరా వెనుకనున్న అద్దంలో దృశ్యం తలక్రిందులుగా కనబడేది. నల్లని గుడ్డ కప్పుకొని ఆ తలక్రిందుల బొమ్మను చూచి కూర్పు నిర్ణయించాలి. గాజు పలకను కాగితానికి తాకించి ఎండలో అచ్చు వేసేవారు గనుక పలక ఎంతో చిత్రమూ అంతే. ఒక మూలను పెద్దది చేసుకొందామంటే వీలులేదు. అంత బరువైన పలకను వృథా చేయడం ఎవరికీ ఇష్టం ఉండదు గనుక ఆలోచన అంతా ముందే జరిగేది. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకలు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నవి.

ఇక మా వాదానికి వచ్చే అభ్యంతరాలు. మొదటిది, గొప్పవారు కూడ తరువాత దిద్దినారు గదా అనేది. దిద్దినారు. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీసిన చిత్రం లోకప్రసిద్ధం. దాని అచ్చులలో ఆకాశాన్ని ఆయన చీకటిగదిలో పనిగట్టుకొని నలుపు చేసినాడు, ఏండ్లు గడచిన కొద్దీ ఇంకా నలుపు చేసినాడు. అయితే ఆ చిత్రం పుట్టిన విధం కూడ చెప్పుకోవాలి. సూర్యుడు కుంగిపోతున్నాడు, శ్మశానంలోని శిలువలమీద చివరి వెలుగు ఉన్నది, కాంతిమాపకం ఎక్కడో పడి కనబడలేదు. చంద్రబింబపు ప్రకాశం ఎంతో ఆయనకు కంఠస్థంగా ఉన్నది గనుక దానినిబట్టి లెక్కకట్టి ఒక్క పలక తీసినాడు. రెండవది తీయబోయేలోగా శిలువలమీది వెలుగు పోయినది. ఆ ఒక్క క్షణంలో ఆ లెక్క ఆయన నోట లేకపోతే తరువాత ఏ చీకటిగదిలో ఏమి చేసినా ఆ చిత్రం ఉండేది కాదు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రీ కార్టియే-బ్రెసోఁ తాను తీసిన చిత్రాల అంచులు కత్తిరించడానికి ఇష్టపడేవాడు కాదు. అయినా 1932లో పారిస్ సేంట్ లజార్ రైలు స్టేషను వెనుక నీటిగుంట మీదుగా దూకుతున్న మనిషిని తీసిన ఆయన ప్రసిద్ధ చిత్రంలో ఒక పక్క కంచె పలక అడ్డు వచ్చినందున కత్తిరించక తప్పలేదు. నియమాన్ని ప్రాణంగా పాటించినవానికి కూడ ఒక మినహాయింపు కావలసివచ్చినది. కనుక మేము మడికట్టుకొని కూర్చోవడం లేదు. అంచు కత్తిరించుకోండి, ఒరిగిన గోడను నిలబెట్టుకోండి. అచ్చులో సిరా కాగితంమీద వ్యాపించి చుక్కలు లావెక్కి చిత్రం నల్లబడుతుంది గనుక ముద్రణకు ముందు వెలుగు కొద్దిగా పెంచుకోండి. ఇవి వంటలో చివర ఉప్పు సరిచూచుకోవడం వంటివి.

రెండవ అభ్యంతరం దీనికన్న గట్టిది. నేటి ఫోను తానే దిద్దుతుంది గదా, మనం దిద్దనిది ఎక్కడ ఉన్నది అని అడుగుతారు. ఇది నిజం. మీట ఒక్కసారి నొక్కినా ఫోను లోపల అనేక చిత్రాలు తీసి కలిపి ఒకటిగా కూర్చుతుంది. 2023లో ఒక పేరుమోసిన కంపెనీ ఫోనును పరీక్షించిన ఒకరు, చంద్రుని చిత్రాన్ని కావాలని మసకగా చేసి తెరమీద పెట్టి, చీకటి గదిలో దూరంనుంచి ఆ ఫోనుతో తీసినారు. మసకలో లేని గుంటలు, మరకలు ఫోను తీసిన చిత్రంలో ప్రత్యక్షమైనవి. నెలవంక కనబడినదా లేదా అని ఆకాశంలోకి కన్నులప్పగించి చూచే మన సమాజానికి దీని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఎన్ని చేసినా ముడి చిత్రం అనేది పూర్తిగా దొరకదు గనుక ఇక ఏమి చేసినా ఒకటే అనడం మాత్రం సరికాదు. గాలిలో దుమ్ము ఎలాగూ ఉన్నది గదా అని అన్నంలో దుమ్ము పోసుకోము.

గీత ఎక్కడ గీయాలనే ప్రశ్నను పత్రికాలోకం చాలాకాలంగా ఎదుర్కొంటున్నది. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రం నిలువుగా ఇమడడం కోసం గీజా పిరమిడ్లను కంప్యూటరుతో ఒకదానికొకటి దగ్గరకు జరిపినది. నాలుగున్నర వేల సంవత్సరాలుగా కదలని రాళ్ళను ఒక అట్టకోసం జరిపినారని విమర్శ చెలరేగినది. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీవారు చివరి దశకు ముందు నిలిచిన చిత్రాలలో 20 శాతాన్ని మితిమీరిన దిద్దుబాటు కారణంగా తొలగించినారు. ఆ సంవత్సరమే రాయిటర్స్ వార్తాసంస్థ తనకు బయటినుంచి చిత్రాలు పంపేవారిని, కెమెరా స్వయంగా కూర్చిన జేపెగ్ చిత్రాలనే పంపవలసిందని, ముడి ఫైలునుంచి ఇంట్లో వండినవి పంపవద్దని ఆదేశించినది. చిన్న సవరణలకు మాత్రం వారు కూడ ఒప్పుకొన్నారు. అంత పెద్ద సంస్థలకు అవసరమైన నియమం మన చిన్న సంచికకు ఎందుకని ఎవరైనా అనవచ్చును. పెద్ద పత్రిక చేసిన తప్పును పట్టుకొనేవారు లోకంలో వేలమంది ఉన్నారు. మన సంచికలో వచ్చినది మాత్రం ముప్పై ఏండ్ల తరువాత తీసి చూచేవారికి ఏకైక సాక్ష్యం.

ఇప్పుడు మా మనసులోని అసలు మాట. మన సంచికలలోను, గోడపత్రికలలోను, బృందచిత్రాలలోను విద్యార్థుల ముఖాలను తెల్లబరచే అలవాటు పెరుగుతున్నది. దీనిని 'అందంగా చేయడం' అంటున్నారు. చామనచాయ ముఖాలన్నీ ఒకే గోధుమపిండి రంగులోకి మారి, మొటిమ మచ్చలు, కనుల క్రింది నీడలు, అత్తరు దుకాణంలో రాత్రిపూట పనిచేసి ఉదయం తరగతికి వచ్చే విద్యార్థి ముఖంలోని అలసట అన్నీ తుడిచిపెట్టుకుపోతున్నవి. 2020లో ఒక ప్రసిద్ధ ముఖలేపనం తన పేరులోనుంచి తెలుపును సూచించే మాటను తొలగించుకొన్నది. వ్యాపారులకే సిగ్గువేసిన విషయం విద్యాలయంలో కొనసాగడం భావ్యం కాదు. కెమెరా కూడ ఈ విషయంలో నిర్దోషి కాదని ఒప్పుకోవాలి. గత శతాబ్దిలో రంగుల ఫోటోలు అచ్చువేసే ప్రయోగశాలలకు కొడాక్ కంపెనీ పంపిన నమూనా కార్డులమీద చాలాకాలం తెల్లని చర్మం గల స్త్రీ చిత్రమే ఉండేది. ఆ ముఖం సరిగా వస్తే రంగులు సరిగా ఉన్నట్లు. నల్లని ముఖాలు ఆ కొలతకు తూగక మసకలో పడిపోయేవి. కాని అందుకు మందు నల్లని ముఖాన్ని తెలుపు చేయడం కాదు. నల్లని ముఖానికి తగినంత వెలుగు ఇచ్చి తీయడం. కిటికీ దగ్గరకు పిలిచి కూర్చోబెడితే నలుపు ఎంత నిగనిగలాడుతుందో చూచినవారికి తెలుసును.

ఇందులోనే నమ్మకం సంగతి ఉన్నది. 1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టినాడు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు అక్కడ ఫోటో దిగగలిగినారు. తమ చిత్రం ఎవరి చేతిలో ఉంటుంది, దానిని ఏమి చేస్తారు అనే విషయంలో భరోసా లేనిదే ఎవరూ కెమెరా ముందు కూర్చోరు. ఆనాటి ప్రశ్న నేడు కూడ అలాగే ఉన్నది. మన విద్యార్థినులలో ఎందరో బహుమతి అందుకొనే వేదికమీద సైతం కెమెరా కనబడగానే పక్కకు తొలగుతున్నారు. సిగ్గువల్ల అని అనుకోవడం పొరపాటు. తీసిన తరువాత ఆ ముఖం ఏ రూపం ధరిస్తుందో, ఏ శరీరానికి అతుకబడుతుందో అనే భయంవల్ల. ఒకరి ముఖాన్ని మనం తీసుకొన్నామంటే అది మనవద్ద ఉంచిన అమానత్. అమానత్‌ను ఉన్నది ఉన్నట్లు తిరిగి ఇవ్వాలి. మెరుగుపెట్టి ఇచ్చినామని చెప్పినా అది ఖయానతే.

ఈ దృష్టితో పాలకవర్గంవారికి కొన్ని విన్నపాలు చేస్తున్నాము. వచ్చే ఏడు ఛాయాచిత్ర పోటీ జరిపేటప్పుడు పోటీకి పంపే చిత్రంతోపాటు కెమెరా మొదట దాచిన ఫైలును కూడ అడగాలి. అంచు కత్తిరింపు, ఒరుగు సవరణ, కొద్దిపాటి వెలుగు సర్దుబాటు తప్ప మరేదైనా చేసి ఉంటే ఆ చిత్రాన్ని పక్కన పెట్టాలి. ఏదైనా చేర్చినా, తొలగించినా, ముఖపు రంగు మార్చినా బహుమతికి అర్హత ఉండరాదు. సంచికలో వేసే విద్యార్థుల చిత్రాలకు కూడ ఇదే నియమం వర్తించాలి. అచ్చుకు పోయేముందు ఏ చిత్రాన్ని వేస్తున్నామో అందులో ఉన్నవారికి ఒకసారి చూపించాలి. వద్దన్నవారి చిత్రాన్ని కారణం అడగకుండ తీసివేయాలి.

బృందచిత్రాల విషయంలో మరొక మనవి. అందరికీ తీరిక దొరుకుతుందని మధ్యాహ్న విరామంలో ఆవరణలో నిలబెట్టి తీయడం ఆనవాయితీ. ఆ వేళ ఎండ నడినెత్తిన ఉండి కనుబొమల నీడ కండ్లలో పడుతుంది, అందరూ కనుచూపు చికిలించి నిలబడతారు. తరువాత ఆ నీడలను చెరపడానికే దిద్దుబాటు మొదలవుతుంది, మొదలైనది ముఖం రంగు వరకు పోతుంది. దీనికి బదులు కట్టడానికి ఉత్తరపువైపున, గోడ నీడ పడే చోట, ఉదయం మొదటి తరగతికి ముందు తీయించాలి. ముందు వరుస కుర్చీలలోను, రెండవ వరుస నిలబడి, మూడవ వరుస బల్లలమీద ఉంటే ఎవరి ముఖమూ మరుగుపడదు. తరగతికి ఇరువై నిమిషాలు చాలును. ఆనాడు రాలేకపోయినవారిని వేరే చిత్రంలోనుంచి తెచ్చి చివరి వరుసలో అతికించే పని మానుకొని, చిత్రం క్రింద 'హాజరు కానివారు' అని వారి పేర్లు అచ్చువేయించాలి.